సరుగుడు చెట్టు : విత్తనమునుండి కాగితము వరకు

గోదావరి డెల్టా యనగానే వరిచేలు, కొబ్బరితోటలు, కాలువలు జ్ఞప్తికి వచ్చును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువనీరు పారినంత మేర వరి వ్యాపించినది. కాని సముద్రమునకు చేరువగా కాలువనీరు ఎక్కని ఇసుకనేల కలదు. అచట వరి పండదు. నీరు పోసినచో నిలువదు. వేసిన ఎరువు వానకు దిగిపోవును. ఇట్టి నేలలలో రైతుకు చేదోడైన చెట్టు సరుగుడు. దీనినే సరివి అనియు, చవుకు అనియు పిలుతురు. పెండ్లిపందిరి గుంజ మొదలుకొని మేడకప్పు సెంట్రింగు వరకు, వంటచెరకు మొదలుకొని పాఠ్యపుస్తకపు కాగితము వరకు ఈ చెట్టు ఉపయోగపడుచున్నది.

సరుగుడు వేసిన రైతు నాలుగేండ్లు వేచియుండవలెను. వరి నారు మంచిది కానిచో ఆ తప్పు ఒక పంటతో పోవును. సరుగుడు మొక్క మంచిది కానిచో నాలుగేండ్ల కాలమును, నాలుగేండ్ల కౌలును కలసి పోవును. అందువలన ఈ పంట విషయమున పరిశోధన యొక్క విలువ మొక్క నాటుటకు పూర్వమే తేలవలసియున్నది.

ఆకులు కనబడని చెట్టు

సరుగుడు ఈ దేశపు ప్రధానభూమిలో సహజముగా పెరిగిన చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల సముద్రతీరములు దీని జన్మస్థలములు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున దీనిని వంటచెరకు కొరకు పశ్చిమతీరమున కార్వారు ప్రాంతమున నాటిరి. మద్రాసు రాజధానిలో రైలు ఇంజనులకు కట్టెలు కావలసివచ్చినందున తూర్పు తీరమందును తోటలు వెలసినవి. బొగ్గు వచ్చి ఇంజనులు సరుగుడును విడిచినను రైతులు విడువలేదు.

దీని శాస్త్రీయనామము కాజురైనా ఈక్విసెటిఫోలియా. దీని రెమ్మలు కాసువరి అను పక్షి ఈకలవలె వ్రేలాడుటచే మొదటి పేరు వచ్చినది. చూచుటకు సూదులవలె నుండు ఆకులు నిజమునకు ఆకులు కావు. అవి పచ్చని సన్నని రెమ్మలు. ఒక రెమ్మను చేతబట్టి లాగినచో కణుపు కణుపుగా ఊడివచ్చును. ప్రతి కణుపువద్ద ఆరునుండి ఎనిమిది వరకు పొలుసులవంటి చిన్న పళ్ళు వలయముగా కనబడును. అవియే ఆకులు. ఆకు ఇంతగా తగ్గిపోవుటచే చెట్టునుండి ఆవిరియగు నీరు తగ్గును. ఉప్పుగాలిని, ఎండిన ఇసుకను ఈ చెట్టు ఓర్చుకొనుటకు ఇది యొక కారణము.

వేరు బుడిపెలలోని భాగస్వామి

రెండవ కారణము నేలలో నున్నది. సముద్రతీరపు ఇసుకలో నత్రజని అత్యల్పము. పిల్లిపెసర, జనుము వంటి పైర్ల వేళ్ళలో రైజోబియము అను సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని స్థిరీకరించునని విద్యార్థులు చదువుకొందురు. సరుగుడు చిక్కుడు కుటుంబమునకు చెందినది కాదు. ఐనను దాని వేళ్ళకు బుడిపె లుండును. అవి కొయ్యవలె గట్టిపడి, కొమ్మలు తొడిగి, కొన్నియెడల పిడికిలంత గుత్తులుగా పెరుగును. వీనిలో నివసించు సూక్ష్మజీవి ఫ్రాంకియా. ఇది దారములవలె పెరుగు బాక్టీరియా తెగకు చెందినది. దీనిని మొక్కనుండి వేరుచేసి ప్రయోగశాలలో శుద్ధముగా పెంచుట 1978లో గాని సాధ్యము కాలేదు.

ఈ జ్ఞానమువలన నర్సరీకి లాభము కలిగినది. పాత తోటలో మొలచిన నారుకు ఫ్రాంకియా సహజముగానే అంటుకొనును. కాని కొత్త మడిలో, శుభ్రమైన ఇసుకలో పెంచిన నారుకు ఆ అవకాశము లేదు. అట్టి నారు పసుపుపచ్చగా మారి గిడసబారును. ఆరోగ్యముగల చెట్ల బుడిపెలను దంచి, ఆ నీటిని నారుమడిలో పోసినచో మొక్కలకు బుడిపెలు త్వరగా కట్టును. అయితే రోగము తగిలిన తోటనుండి బుడిపెలు తెచ్చినచో ఫ్రాంకియాతోపాటు తెగులును వచ్చును. కావున బుడిపెలు తెచ్చు చెట్టును మొదట పరీక్షించి చూడవలెను. బుడిపె పనిచేయుటకు భాస్వరము చాల అవసరము. గాలినుండి నత్రజని వచ్చినను భాస్వరము గాలినుండి రాదు. దానిని నేలయే ఈయవలెను.

రాలిన సరుగుడు రెమ్మలను ఊడ్చి పొయ్యిలోనికి తీసికొనిపోవుట తీరగ్రామములలో చిరకాలపు అలవాటు. పేద ఇంటికి అది ఇంధనమే. కాని ఆ రెమ్మలతోపాటు నేలకు తిరిగి చేరవలసిన పోషకములును పోవుచున్నవి. నరకిన తోటలో మరల సరుగుడే వేయునప్పుడు ఈ నష్టము బయటపడును.

విత్తనము నెంచుట

సరుగుడు కాయ చిన్న పైనుకాయవలె నుండును. ఎండిన కాయ విచ్చుకొనగా ఱెక్కగల గింజలు రాలును. ఒక కిలో విత్తనములో ఆరేడు లక్షల గింజ లుండును. వానిలో మొలచునవి సగమునకు మించవు. మడిలో చల్లిన గింజలను చీమలు మోసికొనిపోవుట నర్సరీవారు ఎరిగిన బాధయే.

ఇన్ని గింజలు సులభముగా దొరకునప్పుడు వానిని ఎంచుకొనుట యెందులకని తోచవచ్చును. చిక్కు అచ్చటనే యున్నది. కాయలు కోయువాడు సామాన్యముగా పొట్టిగా, కొమ్మలు గుబురుగా, కాయలు విరివిగా నున్న చెట్టు నెక్కును. నిటారుగా పెరిగిన ఎత్తైన చెట్టు ఎక్కుట కష్టము. పైగా అట్టి చెట్టునే వ్యాపారి ముందుగా కొనిపోవును. ఇట్లు మంచి చెట్లు నరకబడగా మిగిలిన వంకర చెట్లే తరువాతి తోటలకు తల్లులగుచున్నవి. ఎవరును కోరకయే తరతరమునకు జాతి క్షీణించును.

దీనికి విరుగుడు ఎంపిక. తోటలో ఇరుగుపొరుగు చెట్లకన్న ఎత్తు, లావు, నిటారుతనము ఎక్కువగా నున్న చెట్టును గుర్తింతురు. కాని ఆ చెట్టు దాని వంశగుణముచేత పెరిగినదో, లేక పెంటకుప్ప ప్రక్క నుండుటచేత పెరిగినదో చూచిన మాత్రమున చెప్పజాలరు. అది తెలియుటకు క్షేత్రపరీక్ష కావలెను. ఎంచిన చెట్ల సంతతిని పక్కపక్కనే నాటుదురు. నేలయందలి తేడాలు ఒకే రకమునకు లాభముగాని నష్టముగాని చేయకుండ ప్రతి రకమును పలుచోట్ల, చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా అమర్తురు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున 1920వ దశకములో ఆర్. ఏ. ఫిషర్ ఈ పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేసెను. పంటలకు చెల్లిన ఆ సూత్రమే చెట్లకును చెల్లును. తేడా ఏమనగా ఫలితము కొరకు ఏండ్ల తరబడి వేచియుండవలెను.

మన దేశమున ఈ కృషిని ముఖ్యముగా సాగించినది 1988లో కోయంబత్తూరున నెలకొల్పబడిన అటవీ జన్యుశాస్త్ర, వృక్షప్రజనన సంస్థ. వివిధ దేశముల తీరములనుండి తెచ్చిన సరుగుడు విత్తనములను ఒకేచోట పెంచి పోల్చు అంతర్జాతీయ పరీక్షలు 1990వ దశకపు ఆరంభమున మొదలైనవి. మొదట తెచ్చిన కొద్దిపాటి విత్తనమునుండియే వ్యాపించిన మన తోటలకు అవి కొత్త రక్తమును తెచ్చినవి. మేలైన చెట్లను మాత్రమే మిగిల్చి, అవి తమలో తామే పరాగసంపర్కము జరుపుకొనునట్లు ఏర్పరచిన తోటలను విత్తనపు తోటలందురు. సరుగుడు పుప్పొడి గాలిచే వ్యాపించును గనుక విత్తనపు తోట చుట్టును నాసిరకపు చెట్లు లేకుండ చూచుట అవసరము.

కొమ్మనుండి మొక్క

విత్తనమునుండి పుట్టిన మొక్కలు అన్నదమ్ములవలె పోలికలు గలవైనను ఒకేవిధముగ నుండవు. తల్లిచెట్టు గుణము పూర్తిగా కావలెనన్నచో లేత రెమ్మను కోసి, వేరు పుట్టించు ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లముతో తడిపి, తేమ నిలుచు గుడారములో ఉంచి మొక్కగా చేయవలెను. ఇట్టి మొక్కల సముదాయమును క్లోను అందురు. క్లోను తోటలో చెట్లన్నియు ఒకే ఎత్తున, ఒకే లావున పెరుగును.

మరియొక మార్గము సంకరము. ఇండోనేషియాకు చెందిన కాజురైనా జుంఘునియానా అను జాతి నీటియెద్దడిని చక్కగా ఓర్చుకొనును. దానితో మన తీరపు సరుగుడును సంకరపరచి రెండింటి మంచి గుణములను ఒకే చెట్టున కూర్చుటకు కోయంబత్తూరు శాస్త్రజ్ఞులు ప్రయత్నించి, సంకర క్లోనులను రైతులకు విడుదల చేసిరి.

క్లోనుతో ఒక ప్రమాదమును కలదు. ఒకే క్లోను వేలాది ఎకరములు వ్యాపించినప్పుడు ఆ చెట్టు తట్టుకొనలేని తెగులు వచ్చినచో తోటలన్నియు ఒక్కసారిగా దెబ్బతినును. సరుగుడు బెరడుపై బొబ్బలు లేచి, వానినుండి నల్లని పొడి రాలి, చెట్టు ఎండిపోవు శిలీంధ్రవ్యాధి యొకటి మన తీరమున చిరకాలముగా నున్నది. వంశగుణములలో తేడా లున్నచో కొన్ని చెట్లైనను నిలుచును. కావున ఒకే క్లోనును గాక, పరీక్షించిన పలు క్లోనులను వేరువేరు పట్టీలుగా నాటుట మేలు.

మొక్కకు మొక్కకు నడుమ దూరము

ఒక ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు. మీటరున కొకటి చొప్పున నాటినచో ఎకరమునకు సుమారు 4,000 మొక్కలు పట్టును. ఒకటిన్నర మీటరు ఎడమున నాటినచో 1,800. రెండు మీటర్ల ఎడమున నాటినచో 1,000 పట్టును. మొక్కలు దగ్గరగా నున్నచో వెలుతురు కొరకు పోటీపడి నిటారుగా, సన్నగా పెరుగును. పందిరి గుంజలకును, కొబ్బరిమొక్కల ఊతకఱ్ఱలకును అట్టివి కావలెను. కాని బలహీనమైన చెట్లు క్రిందబడి చచ్చును. వానికి పెట్టిన ఖర్చు వ్యర్థమగును.

ఇచట ఒక చిన్న లెక్క ఉపయోగపడును. ఒకే పొడవుగల రెండు బాదులలో ఒకదాని వ్యాసము రెండవదానికి రెట్టింపైనచో దానిలోని కొయ్య రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. అంతేగాక సన్నబాదులో కొయ్యతో పోల్చినచో బెరడు పాలు ఎక్కువ. కాగితపు మిల్లు బెరడు తీసిన కొయ్యనే కోరును. కావున కాగితము కొరకు పెంచు తోటకు ఎడము పెంచుట లాభము. గుంజల కొరకు పెంచు తోటకు దగ్గర నాటు తగియుండును. ఏది మంచి దూరమను ప్రశ్నకు జవాబు, ఆ కొయ్యను ఎవరికి అమ్ముదురను ప్రశ్నపై ఆధారపడియున్నది. సరుగుడు మోడునుండి పిలకలు బాగుగా రావు. నీలగిరి, సుబాబుల్ తోటలవలె నరికి వదలిన మరల పెరుగదు గనుక ప్రతి విడతను కొత్తగా నాటవలసినదే.

గాలికి అడ్డుగోడ

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు, 1996 నవంబరు 6న కోనసీమను చిన్నాభిన్నము చేసిన తుఫానును కోస్తా ప్రజలు మరువలేదు. తీరమున సరుగుడు పట్టీలు పెంచుటకు ఇట్టి అనుభవములు బలము నిచ్చినవి. చెట్లపట్టీ గాలిని పూర్తిగా ఆపదు; ఆపకుండుటయే మంచిది. రాతిగోడను గాలి కొట్టినప్పుడు అది పైకి లేచి, గోడ వెనుక సుడులు తిరిగి విరుచుకొనిపడును. చెట్లపట్టీలో కొంత గాలి దూరిపోవుటచే సుడులు తగ్గి వేగము నెమ్మదిగా పడిపోవును. చెట్టు ఎత్తునకు పది, పదిహేను రెట్ల దూరమువరకు పట్టీ వెనుక గాలివేగము తగ్గియుండును. పదిహేను మీటర్ల ఎత్తుగల పట్టీ 150 మీటర్లకు పైగా పొలమును కాపాడును. ఎగిరివచ్చు ఇసుకను ఆపును.

ఐతే నాలుగేండ్లకొకసారి తోటనంతయు ఒక్కసారి నరకినచో ఆ సంవత్సరము తీరము బోడియగును. తోటను పట్టీలుగా విభజించి, ఒక పట్టీ నరకునప్పటికి ప్రక్క పట్టీ ఎత్తుగా నుండునట్లు వరుస ఏర్పరచినచో రైతుకు ఆదాయమును, ఊరికి రక్షణయు నిలుచును.

సరుగుడు ప్రతిచోటను తగినది కాదు. సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లుపెట్టు ఇసుకను అలల అంచువరకు చెట్లతో నింపినచో వానికి చోటు లేకుండపోవును. నది సముద్రమున కలియు బురదనేలలు మడ అడవులకు చెందినవి. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కోరింగ అట్టిది. అచట క్షీణించిన మడను పునరుద్ధరించిన తీరు గమనింపదగినది. పల్లములలో నిలిచిన పోటునీరు ఎండకు ఇంకి ఉప్పు పెరుగగా మొక్కలు బ్రతుకుట లేదు. చేపముల్లువలె ఒక పెద్ద కాలువకు ఇరువైపుల చిన్నకాలువలు త్రవ్వగా ఆటుపోట్లు లోనికి వచ్చిపోయి ఉప్పును కడిగినవి. ఆ గట్లపై మడమొక్కలు నిలిచినవి. మొక్క నాటుటకు ముందు అది యెందుకు చచ్చుచున్నదో తెలిసికొనవలెనని దీనివలన నేర్చుకొనవచ్చును.

వెదురునుండి సరుగుడునకు

రాజమహేంద్రవరమునకు కొయ్యతో సంబంధము పాతది. పాపికొండల ఎగువ అడవులలో నరకిన టేకుదుంగలను తెప్పలుగా కట్టి గోదావరిపై దింపెడివారు. పచ్చి టేకు సరిగా తేలదు గనుక వెదురుకట్టలు జతచేసెడివారు. 1920వ దశకమున కర్ణాటిక్ పేపర్ మిల్స్ అను పేర ఈ పట్టణమున కాగితపు మిల్లు వెలసినది. అది తరువాత ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్‌గా మారి, నేడు ఆంధ్రా పేపర్ అను పేర నడచుచున్నది.

ఆ మిల్లునకు చిరకాలము ముడిసరకు అడవివెదురు. వెదురు పీచు పొడవైనది. కాగితము సులభముగా చినుగదు. కాని అడవులలో వెదురు తగ్గిపోయినది. 1988 నాటి జాతీయ అటవీ విధానము, పరిశ్రమలు తమకు కావలసిన కొయ్యను అడవినుండి గాక, పెంచువారితో నేరుగా సంబంధము పెట్టుకొని సాధ్యమైనంతవరకు తామే సమకూర్చుకొనవలెనని సూచించినది. అప్పటినుండి రైతుల సరుగుడు, సుబాబుల్, నీలగిరి తోటలు మిల్లులకు ఆధారమగుచు వచ్చినవి. వీని పీచు పొట్టిదైనను అచ్చునకు అనుకూలమగు నున్నని కాగితము వచ్చును.

కొయ్యలో సెల్యులోజు పీచులను లిగ్నిన్ అను పదార్థము జిగురువలె పట్టియుంచును. కొయ్యను చిన్న ముక్కలు చేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన ద్రవములో ఒత్తిడిక్రింద 160-170 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉడికించినచో లిగ్నిన్ కరగి పీచు విడిపోవును. ఇది క్రాఫ్ట్ పద్ధతి. లిగ్నిన్ కరగిన నల్లని ద్రవమును పారవేయరు. దానిని చిక్కబరచి కొలిమిలో మండించి ఆవిరి పుట్టింతురు. మిగిలిన బూడిదనుండి రసాయనములను తిరిగి రాబట్టుదురు. ఎండుకొయ్యలో సుమారు సగము మాత్రమే గుజ్జుగా దక్కును.

తూకములోని నీరు

కొయ్యను టన్నుల లెక్కన కొందురు. అప్పుడే నరకిన కఱ్ఱలో నీరు చాలయుండును. ఒక టన్నులో 45 శాతము నీరున్నదనుకొన్నచో నిజమైన కొయ్య 550 కిలోలు. దానినుండి వచ్చు గుజ్జు సుమారు 270 కిలోలు. అదే కఱ్ఱ కొన్ని దినములు ఎండి నీరు 30 శాతమునకు దిగినచో, 550 కిలోల కొయ్య మారదు గాని మొత్తము బరువు సుమారు 786 కిలోలగును. అనగా కొయ్య ఏమియు నష్టపోకయే తూకము 214 కిలోలు తగ్గినది.

పచ్చిబరువుపై ధర కట్టినచో లారీ ఆలస్యమైన ప్రతిదినమును రైతునకు నష్టము. ఎండుబరువుపై ధర కట్టినచో ఆలస్యమువలన ఎవరికిని నష్టము లేదు. చిన్న తేమమాపకముతో ఈ లెక్క తేల్చవచ్చును. టన్ను ధర ఎంతయని మాత్రమే గాక, ఏ తేమవద్ద ఆ ధరయని అడుగగల రైతు తన కష్టమును తూకములో పోగొట్టుకొనడు.

పొయ్యిలోను ఇదే న్యాయము. మెట్టప్రాంతమున వర్జీనియా పొగాకును బేరన్లలో కట్టెలమంటపై పదునుచేయుదురు. ఒక కిలో ఎండుకొయ్య సుమారు 4,500 కిలోకెలరీల వేడి నిచ్చును. దానిలో 40 శాతము తేమ ఉన్నచో కొయ్యతో పాటు సుమారు 670 గ్రాముల నీరుండును. ఆ నీటిని ఆవిరిచేయుటకే 400 కిలోకెలరీలు పోవును. మంట చల్లబడి పొగగా పోవునది వేరు. కట్టెను చీల్చి, పేర్చి, నీడపట్టున ఎండనిచ్చుట, బేరను కప్పునుండి వేడి పోకుండ కప్పుట - ఈ రెండును కొత్త చెట్టు నాటకయే కొయ్యను మిగుల్చు మార్గములు.

బడిలో చేయదగిన కొలతలు

ఉపాధ్యాయులు సమీపమున నున్న తోటలో ఈ పాఠమును చేయించవచ్చును. మీటరు కఱ్ఱ నీడను, చెట్టు నీడను ఒకేసమయమున కొలిచినచో సరూప త్రిభుజములచే చెట్టు ఎత్తు తెలియును. పడగొట్టిన బాదు నడిమి చుట్టుకొలతను టేపుతో కొలిచి, దానిని నాలుగుచే భాగించి, వచ్చినదానిని వర్గముచేసి పొడవుచే హెచ్చించుట కలప వర్తకుల పాతలెక్క. 24 సెంటీమీటర్ల చుట్టుకొలత, 8 మీటర్ల పొడవు గల బాదునకు ఈ లెక్కన 0.0288 ఘనమీటర్లు వచ్చును. వృత్తముగా లెక్కించినచో 0.0367 వచ్చును. వర్తకుని లెక్క నిజమైన కొయ్యలో 78.5 శాతము మాత్రమే చూపుచున్నది. దుంగను పలకలుగా కోయునప్పుడు పోవు అంచులను అది ముందే తీసివేయును. గుండ్రముగానే వాడు సరుగుడునకు ఆ తగ్గింపు ఎంతవరకు తగునో విద్యార్థులే చర్చింపవచ్చును.

ఒక సన్నని రెమ్మను తూచి, ఎండబెట్టి, బరువు మారనంతవరకు మరల తూచినచో తేమశాతము తెలియును. ఒక మొక్కను జాగ్రత్తగా పెకలించి వేళ్ళు కడిగినచో ఫ్రాంకియా బుడిపెలు కనబడును. రెండు తోటలలో ముప్పది చొప్పున చెట్ల చుట్టుకొలత తీసి సరాసరిని, తేడాలను వ్రాసికొన్నచో ఏ తోటకు మంచి విత్తనము దొరకినదో ఊహింపవచ్చును. నేల, నీరు, వయస్సు వేరైనచో ఆ ఊహ ఎందుకు తప్పవచ్చునో కూడ తెలిసికొనవచ్చును. తోట యజమానిని అడిగి, నారు ఎచటనుండి వచ్చినదో, ఏ సంవత్సరము నాటిరో ఆ కొలతల ప్రక్కనే వ్రాసియుంచినచో మరుసటి విడత నాటునప్పుడు ఆ పుస్తకము ఆ యజమానికే పనికివచ్చును.